అల్లాహ్‌కి చెప్పుకోవడానికి సిఫారసు ఎందుకు?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, ఫోన్‌కి వచ్చిన మెసేజీలు అన్నీ ముందేసుకుని చూస్తే చాలావాటి వెనక ఉన్నది ఒకటే బెంగ. నా మాట అల్లాహ్ దాకా వెళ్తుందా, వెళ్ళాలంటే ఎవరినైనా పట్టుకోవాలా అని. రాసినవాళ్ళలో ముస్లింలూ ఉన్నారు, కానివాళ్ళూ ఉన్నారు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ముస్లింలు నూటికి ఒక్కరు కూడా ఉండరు. చాలా ఊళ్ళలో మసీదే లేదు, సందేహం వస్తే అడగడానికి పక్క వీధిలో మౌల్వీగారు దొరకరు. దాంతో ఎవరు ఏది చెబితే అదే మతమైపోతోంది. అందుకే మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి ఈసారి ఇవే తీసుకున్నాను. పేర్లు వేయొద్దని అందరూ కోరారు, వేయడం లేదు.

ప్రశ్న: మేము దూదేకులవాళ్ళం. బొబ్బిలి దగ్గర పల్లెటూరు. మా ఇంట్లో ఉర్దూ లేదు, అరబీ అసలే లేదు, అంతా తెలుగే. నమాజులో చదివే సూరాలు (ఖురాన్ అధ్యాయాలు) మా నాయనమ్మ చదువుతుంటే విని బట్టీ పట్టినవి, ఎన్ని తప్పులు దొర్లుతున్నాయో కూడా తెలీదు. పట్నంలో ఉండే మా ఆడపడుచు "నీ నమాజు చెల్లదు, నీ దువా (వేడుకోలు) పైకెళ్ళదు, ముందు హజ్రత్ (మత గురువు) దగ్గర నేర్చుకో, అందాకా ఆయన చేతే దువా చేయించుకో" అంటోంది. మా ఆయన తాగుతాడు. రాత్రి అందరూ పడుకున్నాక వంటగదిలో కూర్చుని, ఎవరూ లేవకుండా మెల్లగా, తెలుగులోనే చెప్పుకుని ఏడుస్తాను. అది దువా కిందకి వస్తుందా? నా మాట ఆయనకి ఎలగ తెలుస్తాది?
— ఒక సోదరి, బొబ్బిలి మండలం

జవాబు: అమ్మా, రాత్రిపూట మీరు వంటగదిలో చెప్పుకుంటున్నదే దువా. దానికి వేరే పేరు లేదు. అరబీలోనే చెప్పాలనీ, ఫలానా మాటలతోనే మొదలెట్టాలనీ, పక్కన ఒకరు ఆమీన్ అనాలనీ షరతేమీ లేదు. ముందు అల్లాహ్‌ని పొగిడి, ప్రవక్త ముహమ్మద్ (స, అంటే ఆయనకి శాంతి కలుగుగాక) మీద దరూద్ అనే దీవెన చదివి తర్వాత అడగడం మర్యాద, మంచిది కూడా, కానీ ఏడుపు ముంచుకొచ్చినప్పుడు అవేవీ గుర్తుకు రాకపోతే మీ మాటని వెనక్కి పంపేవాళ్ళెవరూ అక్కడ లేరు. మెల్లగా అడిగితే వినపడుతుందా అన్న సందేహమూ వద్దు. ఒక ప్రయాణంలో సహచరులు గట్టిగా అరుస్తూ తక్బీర్ (అల్లాహు అక్బర్) చెబుతుంటే ప్రవక్త (స), మిమ్మల్ని మీరు కష్టపెట్టుకోకండి, మీరు పిలుస్తున్నది చెవిటివాడినీ కాదు, దూరాన ఉన్నవాడినీ కాదు అన్నారని బుఖారీలో, అంటే ప్రవక్త మాటలు పోగుచేసిన హదీసు గ్రంథంలో, ఉంది. జకరియ్యా ప్రవక్త ముసలితనంలో బిడ్డ కోసం తన ప్రభువును రహస్యంగా పిలిచాడని ఖురాన్‌లోనే ఉంది.

మీ ఉత్తరం చదవగానే నాకు మదీనాలోని ఖౌలా గుర్తొచ్చారు. సఅలబా కూతురు. ఆమె భర్త ఔస్‌కి వయసు మీదపడింది, కోపం ఎక్కువైంది. ఒకరోజు ఆ కోపంలో "నువ్వు నాకు మా అమ్మ వీపుతో సమానం" అనేశాడు. అరబ్బుల పాత ఆచారంలో ఆ మాట అన్నాక కాపురం తెగిపోయినట్టే, అలాగని ఆమె దారి ఆమె చూసుకోవడానికీ లేదు, రెంటికీ చెడ్డ బతుకు. ఆవిడ నేరుగా ప్రవక్త (స) దగ్గరికొచ్చి వాదించారు. నా వయసంతా ఈయనకి పెట్టాను, పిల్లల్ని కన్నాను, ఇప్పుడీ మాట ఏమిటి అని. ఆ విషయంలో కొత్త ఆదేశం ఏదీ అప్పటికి ఆయన దగ్గర లేదు. ఆవిడ ఊరుకోలేదు, అక్కడే, ప్రవక్త ఎదుటే నిలబడి, అల్లాహ్‌కి మొరపెట్టుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు దిగినదే 58వ సూరా, ముజాదలా. మొదటి ఆయతే (వాక్యమే) ఇది: తన భర్త విషయంలో నీతో వాదిస్తూ, అల్లాహ్‌కి ఫిర్యాదు చేసుకుంటున్న ఆమె మాట అల్లాహ్ విన్నాడు. ప్రవక్త భార్య ఆయిషా అప్పుడు అదే ఇంట్లో ఉన్నారు. ఖౌలా మాటల్లో కొన్ని నాకే సరిగా వినపడలేదు, కానీ అన్నీ వినే అల్లాహ్ విన్నాడు అని తర్వాత చెప్పుకున్నారట. గమనించారా, ప్రవక్త ఎదురుగా ఉండగానే ఆ ఇల్లాలు తన గోడు తానే చెప్పుకుంది. ఇక మీకూ నాకూ ఎవరి సిఫారసు కావాలి?

ఇంకో సంగతి. ఒకాయన ప్రవక్త (స)తో, మీరూ మీ సహచరుడు ముఆజూ నోట్లో ఏవేవో చదువుకుంటారు, అవన్నీ నాకు రావు, నేను నమాజులో కూర్చుని చదివే అత్తహియ్యాతు చదివి, స్వర్గం ఇమ్మని, నరకం నుంచి కాపాడమని అడుగుతాను, అంతే అన్నాడు. మేం చదివేదీ దాని చుట్టూనే అన్నారు ప్రవక్త. ఈ హదీసు అబూ దావూద్‌లో ఉంది. పెద్ద పెద్ద దువాలు గడగడా చదివేవాళ్ళని చూసి బెదిరిపోయేవాళ్ళందరికీ ఇది చెబుతూ ఉంటాను.

అయితే మీ ఆడపడుచు మాటలో సగం నిజం ఉంది, దాన్ని దాటేయకూడదు. దువా వేరు, నమాజు వేరు. నమాజులో చదివేది అరబీలోనే చదవాలి, అందులోనూ ఖురాన్ మొదటి సూరా ఫాతిహా తప్పనిసరి. అరబీ రాని కొత్తవాళ్ళ సంగతేమిటని పాతకాలపు ధర్మశాస్త్ర పండితుడు ఇమామ్ అబూ హనీఫాకీ ఆయన శిష్యులకీ మధ్యే చర్చ జరిగింది. చివరికి నిలబడిన మాట ఏమిటంటే, నోరు తిరిగేదాకా వచ్చినదానితో సరిపెట్టుకోవచ్చు, నేర్చుకోవడం మాత్రం మానకూడదు. మీరు సలాం చెప్పి నమాజు ముగించాక చేతులెత్తి అడిగేది తెలుగులో అడగండి, సాలూరు భాషలో అడగండి, ఎవరూ కాదనరు.

ఫాతిహా ఏడే ఆయతులు. దాన్ని సరిచేసుకోవడం పెద్ద పనేం కాదు. తెలుగు అక్షరాల్లో అచ్చేసిన సూరాల పుస్తకాలు దొరుకుతాయి కానీ అరబీ శబ్దాలన్నీ మన లిపిలో పట్టవు, అందుకని పుస్తకం మీద ఆధారపడకుండా నోటితో చెప్పేవాళ్ళ దగ్గర రోజుకో ఆయతు నేర్చుకోండి, ఫోన్లో విని అనుకరించినా సరే. తడబడుతూ, కష్టపడుతూ ఖురాన్ చదివేవాళ్ళకి రెండింతల పుణ్యమని బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు గ్రంథాల్లోనూ ఉంది, కాబట్టి తప్పులొస్తున్నాయని సిగ్గుపడి మానేయొద్దు. అర్థం మాత్రం తప్పకుండా తెలుగులో చదువుకోండి. ఖురాన్‌ని మొట్టమొదట తెలుగులోకి తెచ్చిన చిలుకూరి నారాయణరావుగారు మన శ్రీకాకుళం వైపు మనిషే, హిందువు, గొప్ప పండితుడు. ఆ తర్వాత ఇంకా అనువాదాలు వచ్చాయి. అర్థం తెలిశాక ఫాతిహా చదివే తీరే మారిపోతుంది, ఎందుకో చెప్తాను. నమాజును నాకూ నా దాసుడికీ మధ్య చెరిసగం పంచాను అని అల్లాహ్ అన్నట్టు ముస్లిం హదీసుల్లో ఉంది. మీరు "అల్హందు లిల్లాహి రబ్బిల్ ఆలమీన్" అనగానే, నా దాసుడు నన్ను స్తుతించాడు అంటాడట. "అర్రహ్మానిర్రహీమ్" అంటే దానికీ ఒక జవాబు. "నిన్నే ఆరాధిస్తాం, నిన్నే సాయం అడుగుతాం" అనే చోటుకి వచ్చేసరికి, ఇది నాకూ నా దాసుడికీ మధ్య సంగతి, అతను అడిగింది అతనికి ఉంది అంటాడట. అందుకే పెద్దలు ఫాతిహాలో ఆయతు ఆయతుకీ ఆగి చదవమంటారు. మనం రైలు దొరకదేమో అన్నట్టు ఒక్క ఊపిరిలో లాగించేస్తాం.

మీ ఆయన సంగతి. దువా మానకండి, కానీ దువాతో పాటు చేయాల్సినవీ చేయండి. తాగుడు మాన్పించడానికి మందులున్నాయి, డాక్టర్లున్నారు, ముందు మీ పుట్టింటివాళ్ళకో ఆయన మాట వినే పెద్దమనిషికో విషయం చెప్పండి. చెయ్యి చేసుకుంటున్నాడంటే 181కి ఫోన్ చేయండి, అది ఆడవాళ్ళ కోసం పెట్టిన నంబరు. ఖౌలా కూడా ఇంట్లో కూర్చుని ఏడ్చి ఊరుకోలేదు కదా.

ప్రశ్న: నేను హిందువుని. మా ఇంటిల్లిపాదీ బాబామెట్ట ఖాదర్ బాబా దర్గాకి వెళ్తాం, ఉరుసుకైతే తప్పకుండా వెళ్తాం. మొన్న మా ఆఫీసులో ముస్లిం మిత్రుడొకరు, ఇస్లాంలో మధ్యవర్తులు లేరు, దర్గాలకి వెళ్ళడం తప్పు అన్నారు. ఇంకో ముస్లిం మిత్రుడు ఆయనతో గొడవపెట్టుకున్నారు. మధ్యవర్తులు లేకపోతే మరి ఇమామ్ ఎవరు, మా పూజారిగారి లాంటివారు కాదా? మీలో మీకే కుదరకపోతే మేమేం అనుకోవాలి?
— ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: మాలో మాకు కుదరని మాట నిజమే, దాచడం ఎందుకు. ముందు ఇమామ్ సంగతి, ఎందుకంటే అక్కడ తగవు లేదు.

ఇమామ్ అంటే వరసలో ముందు నిలబడి నమాజు చేయించేవాడు, అంతే. వంశంతో వచ్చేది కాదు, దీక్ష ఇచ్చి చేసేది కాదు. ఉన్నవాళ్ళలో ఖురాన్ ఎక్కువ వచ్చినవాళ్ళు ముందు నిలబడాలని ప్రవక్త (స) చెప్పారు. నలుగురు కూలీలు పొలం గట్టున నమాజుకి నిలబడితే వాళ్ళలో ఒకరు ఇమామ్, నమాజు అయ్యాక మళ్ళీ కూలీ. శ్రీకాకుళం జుమ్మా మసీదు 1641లో, షేర్ మహమ్మద్ ఖాన్ ఫౌజ్‌దారుగా ఉన్న రోజుల్లో కట్టింది. అప్పటినుంచి ఇప్పటిదాకా అక్కడ ముందు నిలబడ్డవాళ్ళెవరూ వెనకాల ఉన్నవాళ్ళ తరఫున అల్లాహ్‌తో మాట్లాడి రాలేదు, ఎవరి నమాజు వాళ్ళదే. ఇమామ్ రానిరోజు నమాజు ఆగదు. నికాకి (పెళ్ళికి) కూడా ఇరుపక్షాల ఒప్పుదల, సాక్షులు, మెహర్ (వధువుకిచ్చే సొమ్ము) ముఖ్యం, ఖాజీగారు వచ్చేది పద్ధతిగా జరిపించి రాసిపెట్టడానికి. తండ్రి చనిపోతే జనాజా నమాజు కొడుకే చేయించొచ్చు, నాలుగు తక్బీర్లు, అందులో చిన్న చిన్న దువాలు. మనవాళ్ళు అది నేర్చుకోరు. పక్క ఊరి హజ్రత్ బస్సు దిగేదాకా శవాన్ని పెట్టుకుని కూర్చుంటారు. ఇది మీ ప్రశ్నకి జవాబు కాదు, మావాళ్ళ మీద నా విసుగు, మన్నించండి.

ఇక దర్గా. ఇందులో మూడు రకాల పనులు కలిసిపోయి ఉన్నాయి, అందుకే గొడవ. సమాధి దగ్గరికి వెళ్ళి సలాం చెప్పి, అక్కడున్నాయన కోసం దువా చేయడం ఒకటి. ఇది ప్రవక్త (స) చెప్పినదే, సమాధులు చూస్తే పరలోకం గుర్తొస్తుందన్నారు. రెండోది, ఓ అల్లాహ్, ఈ మహనీయుడి మీద నీకున్న ప్రేమని చూసి నా పని కానివ్వు అని అడగడం. అడిగేది అల్లాహ్‌నే కానీ ఆయన పేరు మీద. దీని మీదే పండితులు వందల ఏళ్ళుగా వాదించుకుంటున్నారు. "ఆయన్ని చేరే వసీలా (సాధనం) వెతకండి" అనే 5వ సూరా 35వ ఆయతు చూపించి కొందరు సరేనంటారు, అక్కడ వసీలా అంటే మంచి పనులని ఇంకొందరు. కరువొచ్చినప్పుడు ఖలీఫా ఉమర్ వాన కోసం ప్రవక్త చిన్నాన్న అబ్బాస్‌ని ముందు పెట్టుకుని దువా చేశారన్న హదీసు కూడా ఇద్దరూ చెబుతారు. చూశారా, పేరు మీద అడిగారు కదా అని వాళ్ళూ, బతికున్న మనిషి చేత దువా చేయించుకున్నారు కానీ సమాధి దగ్గరికి వెళ్ళలేదు కదా అని వీళ్ళూ. మూడోది, బాబా, నాకు కొడుకుని ఇవ్వు అని సమాధిలో ఉన్నాయన్నే అడగడం. ఇచ్చేవాడు అల్లాహ్ ఒక్కడే అన్నదాంట్లో ఏ వర్గం వాళ్ళకీ రెండో మాట లేదు. "వీళ్ళు మమ్మల్ని అల్లాహ్‌కి దగ్గర చేస్తారని మాత్రమే కొలుస్తున్నాం" అన్నవాళ్ళని ఖురాన్ 39వ సూరాలో గట్టిగానే తప్పుపట్టింది. అసలు సూఫీ పెద్దల దగ్గర కూర్చుంటే వాళ్ళూ అదే అంటారు, పీరు (గురువు) దారి చూపించేవాడే కానీ దారిలో నడవాల్సింది మురీదే (శిష్యుడే) అని.

నా వరకు నేనైతే మొదటిదానితో ఆగుతాను. నాకు నచ్చే ఆధారం బఖరా సూరా 186. ఖురాన్‌లో చాలాచోట్ల, నిన్ను నెలవంక గురించి అడుగుతారు, అనాథల గురించి అడుగుతారు, వాళ్ళకి ఇలా చెప్పు అని ప్రవక్తకి ఆదేశం ఉంటుంది. ఇక్కడ మాత్రం, నా దాసులు నా గురించి నిన్ను అడిగితే, నేను దగ్గరే ఉన్నాను, పిలిచేవాడు పిలిచినప్పుడు పలుకుతాను అని ఉంది. ఇలా చెప్పు అన్న ముక్క లేదు. జవాబు చెప్పడానికి కూడా మధ్యలో ఎవరినీ పెట్టలేదు.

మీరు బాబామెట్టకి వెళ్ళడం మానండి అని నేను చెప్పను, అది నా పని కాదు. అక్కడ అన్ని కులాలవాళ్ళూ, మతాలవాళ్ళూ ఒకే చోట చేరడం మంచి విషయమే. మీ ఇద్దరు మిత్రుల్నీ టిఫిను దగ్గర కూర్చోబెట్టండి. మొదటి పనీ మూడో పనీ వేర్వేరని ఒప్పుకుంటే సగం గొడవ అక్కడే తీరుతుంది.

ప్రశ్న: పైడిభీమవరం వైపు ఒక ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్ చేస్తాను. నాతో రూములో ఉండే అన్న ఒకాయన చీటీ పాడుకున్న డబ్బు, చెల్లెలి పెళ్ళికని, నా దగ్గర దాచమని ఇచ్చాడు. ఆన్‌లైన్ పేకాటలో పోగొట్టేశాను. రూములో ఎవరో కొట్టేశారని అబద్ధం చెప్పాను, నమ్మాడు. ఇప్పుడు ఐదు పూటలా నమాజు మొదలుపెట్టాను, సజ్దాలో (నేలకి నుదురు ఆనించి) ఏడుస్తున్నాను, పేకాట పూర్తిగా మానేశాను. ఊళ్ళో ఒకరు, పీర్ సాబ్ ముందు అంతా ఒప్పుకుని ఆయన చెయ్యి పట్టుకుంటేనే పాపం పోతుంది అంటున్నారు. ఫ్రెండ్ ఒకడు, అల్లాహ్‌తో డైరెక్టుగా చెప్పేసుకున్నావుగా, ఇంక క్లియర్ అంటున్నాడు. ఎవరి మాట నిజం?
— ఒక యువకుడు, రణస్థలం మండలం

జవాబు: ఇద్దరివీ కాదు తమ్ముడూ.

మొదట పీర్ సాబ్ మాట. తౌబా చేయడానికి, అంటే పశ్చాత్తాపపడి అల్లాహ్‌ని క్షమించమనడానికి, ఎవరి ముందూ ఒప్పుకోనక్కర్లేదు. బుఖారీ, ముస్లింలలో ఒక కథ ఉంది, తొంభై తొమ్మిది మందిని చంపినవాడి కథ. వాడికి పశ్చాత్తాపం పుట్టి ఒక సన్యాసి దగ్గరికెళ్ళి, నాకు తౌబా ఉందా అని అడిగాడు. లేదన్నాడాయన. వాడు ఆయన్నీ చంపి వంద చేశాడు. తర్వాత ఒక పండితుడి దగ్గరికెళ్తే, నీకూ తౌబాకీ మధ్య అడ్డం వచ్చేది ఎవరయ్యా, కాకపోతే ఈ చెడ్డ ఊరు వదిలి ఫలానా ఊరికి వెళ్ళు, అక్కడ మంచివాళ్ళున్నారు అన్నాడు. దారిలోనే చనిపోయాడు, క్షమాపణ దొరికింది. ఆ పండితుడు వాడి పాపాల చిట్టా అడగలేదు, చూడు. పైగా అల్లాహ్ కప్పిపెట్టిన తప్పుని తెల్లారి నలుగురికీ చెప్పుకునేవాడిని ప్రవక్త (స) తప్పుపట్టారు. కాబట్టి పేకాట ఆడిన సంగతి ఊరంతా చాటక్కర్లేదు. పేకాట వరకు నువ్వు చేసిన తౌబా, మానేయడం, సిగ్గుపడటం, మళ్ళీ ముట్టనని అనుకోవడం, ఇది నీకూ అల్లాహ్‌కీ మధ్య. ఆయన దయ మీద ఆశ వదులుకోవద్దు.

కానీ ఆ అన్న డబ్బు? అది నీకూ అల్లాహ్‌కీ మధ్య సంగతి ఎలా అవుతుంది? నీ ఫ్రెండ్ పొరబడింది ఇక్కడే, ఈ మధ్య చాలామంది కుర్రాళ్ళు పొరబడుతున్నదీ ఇక్కడే. మధ్యవర్తి లేడంటే మనకి సుఖంగా ఉంటుంది, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదన్నట్టు. నిజానికి దానివల్ల బరువు పెరుగుతుంది, నీ బదులు వెళ్ళేవాడు ఎవడూ లేడు కాబట్టి. అల్లాహ్ హక్కు అల్లాహ్‌తో తేల్చుకోవాలి, మనిషి హక్కు ఆ మనిషితో తేల్చుకోవాలి, అక్కడా మధ్యలో ఇంకెవరూ పనికిరారు. దివాలా తీసినవాడంటే ఎవరో తెలుసా అని ప్రవక్త (స) ఒకసారి అడిగారు. డబ్బూ సామానూ లేనివాడు అన్నారు సహచరులు. ఆయన చెప్పింది వేరు: నమాజు, ఉపవాసం, జకాత్ (విధిగా ఇచ్చే దానం) అన్నీ మోసుకుని ప్రళయదినాన వస్తాడు, కానీ ఒకరిని తిట్టి ఉంటాడు, ఇంకొకరి సొమ్ము తిని ఉంటాడు, మరొకరిని కొట్టి ఉంటాడు, వాడి పుణ్యాలన్నీ తీసి వాళ్ళకి పంచేస్తారు, అవి చాలకపోతే వాళ్ళ పాపాలు తెచ్చి వీడి నెత్తిన వేస్తారు. ఇది ముస్లింలో ఉన్న హదీసు. దీనార్లూ దిర్హమ్‌లూ పనికిరాని రోజు రాకముందే, ఈరోజే తేల్చుకోండి అని బుఖారీలో ఇంకోటి.

ఏం చేయాలంటావా. మొత్తం ఎంతో కాగితం మీద రాయి. జీతంలోంచి నెలకింత అని పక్కనపెట్టి ఇవ్వడం మొదలుపెట్టు, ఒక్కసారే ఇవ్వలేకపోవడం తప్పు కాదు, ఇవ్వకపోవడం తప్పు. ఆయన వేరే ఊరు వెళ్ళిపోతే వెతికి పట్టుకో, చనిపోయి ఉంటే వారసులది. పోగొట్టింది ఎలాగో పూస గుచ్చినట్టు చెప్పాలా అంటే, సొమ్ము సొంతదారుకి చేరడమే ముఖ్యం, వివరాలు చెబితే మరింత కీడు జరిగేలా ఉంటే చెప్పనక్కర్లేదని పండితులు అంటారు. అయితే నీ విషయంలో ఒక చిక్కుంది. రూములో ఎవరో కొట్టేశారన్నావు. మీతో ఉన్న ఇంకో కుర్రాడి మీద ఆయనకి అనుమానం పడి ఉండొచ్చు, ఆ కుర్రాడు ఇప్పటికీ దొంగగా బతుకుతూ ఉండొచ్చు. అలా జరిగి ఉంటే మాత్రం నోరు విప్పక తప్పదు, డబ్బు మాత్రమే తిరిగిస్తే సరిపోదు, ఆ కుర్రాడి పరువు కూడా నువ్వు తీసిందే. తిడతాడు, కొట్టినా కొడతాడు. పడు. చెల్లెలి పెళ్ళి ఏమైందో కూడా అడుగు.

ప్రశ్న: వీడియో కాల్‌లో ఒకాయన, ఐదు వేలు పంపితే నలభై రోజులు మా తరఫున దువా చేసి తావీజు (తాయెత్తు) పంపిస్తానన్నారు. మా అమ్మాయి పెళ్ళి కుదరడం లేదు. పంపమంటారా?
— ఒక తల్లి, పార్వతీపురం

జవాబు: పంపకండి. మీకోసం దువా చేయమని ఎవరినైనా అడగడం తప్పు కాదమ్మా, పక్కింటావిడని అడగండి, హజ్‌కి వెళ్ళేవాళ్ళని అడగండి. ఎదురుగా లేని మనిషి కోసం దువా చేస్తే, ఆమీన్, నీకూ అలాగే అని దేవదూత అంటాడని హదీసు. చేసేవాళ్ళకే లాభం ఉన్న పనికి ఐదు వేలు ఎందుకు? ఆయన దువా అంత వేగంగా పనిచేసేదైతే ఆ ఐదు వేలు అల్లాహ్‌నే అడుక్కునేవాడు. ఆ డబ్బుతో మంచి ఫొటో తీయించి, నలుగురు బంధువులకి పంపండి.

ప్రశ్న: మా నాన్నకి కిడ్నీలు పోయాయి, డయాలసిస్ మీద ఉన్నారు. ప్రతి నమాజులో అడుగుతున్నాను, రంజాన్ అంతా అడిగాను. ఏమీ మారలేదు. నీ ఈమాన్‌లో (విశ్వాసంలో) లోపం ఉంది కాబట్టే వినపడటం లేదని మా బంధువులు ముఖం మీదే అంటున్నారు. తహజ్జుద్ (రాత్రి లేచి చేసే నమాజు) చదివితే తప్పక జరుగుతుందంటున్నారు. నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది, నావల్లే నాన్నకి తగ్గడం లేదా?
— ఒక కొడుకు, సోంపేట

జవాబు: కాదు నాయనా. ఉద్దానంలో ఎన్ని ఇళ్ళలో ఈ జబ్బు ఉందో నీకు నాకంటే బాగా తెలుసు, అది ఎందుకొస్తుందో డాక్టర్లే ఇంకా పూర్తిగా తేల్చలేకపోయారు. కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా అందరి భక్తీ ఒకేసారి తగ్గిపోయిందా? ఆ బంధువులకి ఒక హదీసు వినిపించు. ప్రవక్త (స) ఒకసారి చాలాసేపు దువా చేసి లేచి, నా ప్రభువుని మూడు అడిగాను, రెండు ఇచ్చాడు, ఒకటి ఇవ్వలేదు అన్నారు. తన సముదాయం కరువుతో నాశనం కాకూడదని, మునిగి నాశనం కాకూడదని అడిగినవి రెండూ దొరికాయి, తమలో తాము కొట్టుకోకూడదని అడిగింది దొరకలేదు. ముస్లింలో ఉంది. ఆయన ఈమాన్‌లో లోపం వెతుకుతారా వీళ్ళు? పసిబిడ్డ ఇబ్రాహీం ఆయన చేతుల్లోనే పోయాడు, కన్నీళ్ళు పెట్టుకున్నారు. యాఖూబ్ ప్రవక్త కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి కళ్ళు తెల్లబడ్డాయి, నా బాధ, నా దుఃఖం అల్లాహ్‌కే చెప్పుకుంటున్నాను అన్నాడని యూసుఫ్ సూరాలో ఉంది. నువ్వు చేస్తున్నదీ అదే.

ఏ దువా వృథా పోదు, అడిగిందైనా దొరుకుతుంది, దానికి సరిపడా కీడైనా తప్పుతుంది, లేదా పరలోకానికి దాచిపెడతాడు అని ప్రవక్త (స) చెప్పారు. నీ విషయంలో ఏది జరుగుతోందో నేను చెప్పలేను, చెప్పగలనన్నవాడిని నమ్మకు. తహజ్జుద్ చదువు, రాత్రి చివరి మూడో భాగంలో నన్ను అడిగేవాడెవడు, ఇస్తాను అని అల్లాహ్ అంటాడట, అంతకంటే మంచి వేళ లేదు. కానీ అదొక బేరంలా చదవకు, నిద్ర చాలక నువ్వు పడిపోతే నాన్నని పలాస తీసుకెళ్ళేదెవరు. తొందరపడి, అడిగాను, ఇవ్వలేదు అని వదిలేయకుండా ఉంటే చాలు.

నాన్నగారి నమాజు సంగతి కూడా చెబుతాను, నువ్వు అడగలేదు కానీ చాలామంది ఇక్కడే ఇబ్బందిపడుతున్నారు. ఇమ్రాన్ బిన్ హుసైన్ అనే సహచరుడికి మొలలు ఉండేవి. నిలబడి చదువు, లేకపోతే కూర్చుని, అదీ కాకపోతే పక్కకి తిరిగి పడుకుని చదువు అన్నారు ప్రవక్త. మంచం మీద తల కదిపి సైగతో చదివినా నమాజే. చేతికి కట్టు ఉంటే దాని మీద తడి చెయ్యితో తుడిస్తే వజూ (నమాజుకి ముందు కడుక్కోవడం) అయినట్టే. ఉపవాసాలు ఉండక్కర్లేదు, తగ్గే జబ్బు కాదని డాక్టర్లు చెబితే రోజుకో పేదవాడికి అన్నం పెట్టాలి. మందులు మానేసి తావీజులు కట్టించమని ఎవరైనా అంటే ఇంట్లోకి రానివ్వకు.

ప్రశ్న: నేను ముస్లింని కాను. డిగ్రీ చదువుతున్నాను. ఎగ్జామ్స్ టెన్షన్‌లో మా దేవుళ్ళతో పాటు అల్లాహ్‌ని కూడా తలుచుకుంటాను. నాది కూడా వింటాడా, లేక ముందు మతం మారాలా?
— ఒక విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: వినడానికి ముందు ఎవరి మతం సర్టిఫికెట్టూ అడగడమ్మా. ఫాతిహా మొదటి ఆయతులోనే ఆయన సకల లోకాల ప్రభువు. విగ్రహాలని కొలిచేవాళ్ళే పడవ ఎక్కినప్పుడు అల్లాహ్‌ని మనస్ఫూర్తిగా పిలుస్తారనీ, ఆయన ఒడ్డున పడేస్తాడనీ ఖురాన్ 29వ సూరాలో ఉంది. ఒడ్డెక్కాక మళ్ళీ మర్చిపోతారని కూడా అక్కడే ఉందనుకోండి. ముఆజ్‌ని యెమెన్‌కి పంపిస్తూ ప్రవక్త (స), అన్యాయానికి గురైనవాడి మొర దగ్గర జాగ్రత్త, దానికీ అల్లాహ్‌కీ మధ్య తెర లేదు అన్నారు, ఆ యెమెన్‌వాళ్ళలో అప్పటికింకా ఇస్లాంలోకి రానివాళ్ళు ఉన్నారు. అందరితో పాటు ఆయన్ని కూడా అంటే ఇస్లాం ఒప్పుకోదు, ఆయన ఒక్కడే అంటుంది, ఆ తేడా మీకు చెప్పకపోతే నేను నిజాయితీగా జవాబిచ్చినట్టు కాదు. అడగడం మాత్రం మీ ఇష్టం, మీకు నచ్చిన భాషలో. పాత ప్రశ్నపత్రాలు మాత్రం ఒకసారి తిరగేయండి.

జకాత్ లెక్కల గురించి నరసన్నపేట నుంచీ రాజాం నుంచీ వచ్చిన ఉత్తరాలు అందాయి. బంగారం తాకట్టులో ఉంటే దాని మీద జకాత్ ఎవరు ఇవ్వాలన్నది పెద్ద ప్రశ్న, వచ్చే నెల దాంతోనే మొదలుపెడదాం.